కేకలకూ ఓ లెక్కుంది!

గుండె గొంతులోకొచ్చేంత ఎత్తు... కన్నుమూసి తెరిచేలోగా పాతాళం... ఆ వెంటనే తలకిందులు! రోలర్ కోస్టర్ దిగొచ్చిన వాళ్లని ‘ఏం జరిగింది?’ అనడిగితే సగం గుర్తుండదు. దాన్ని గీసినవాళ్లకు మాత్రం ఏ సెకనులో మీరు అరుస్తారో, ఏ మలుపులో ఊపిరి బిగబడతారో ముందే తెలుసు. ఇంటర్లో చాలామందిని హడలెత్తించిన కలన గణితమే వాళ్ల చేతిలోని మంత్రదండం!

టక్... టక్... టక్... గొలుసు లాగుతుంటే రైలు మెల్లగా కొండెక్కుతుంది. ఆ చప్పుడు, గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్లచట్రంలో ఒక్కోటిగా పడే కొక్కేలది. మనల్ని కాపాడ్డానికి పెట్టిన ఏర్పాటే మన గుండె దడ పెంచుతుందన్నమాట! శిఖరం చేరగానే చప్పుడు ఆగిపోతుంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత... చెప్పేదేముంది?

అక్కణ్నుంచి ఇంజిన్ లేదు. గొలుసు ఎత్తిపెట్టిన ఆ ఎత్తే పెట్టుబడి. మిగతా ప్రయాణమంతా దాన్ని కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ సాగాల్సిందే. ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలి, ఎంత మిగుల్చుకోవాలి అన్నదే అసలు డిజైన్.

మంచుకొండ నుంచి...

ఈ సరదాకి పుట్టిల్లు రష్యా. 17వ శతాబ్దంలోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ వైపు చెక్కలతో ఎత్తయిన వేదికలు కట్టి, వాలుమీద నీళ్లు పోసి గడ్డకట్టించి జారేవారు. 1817 నాటికి అది చక్రాల బండ్లతో పారిస్‌కి పాకింది. అందుకే ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ రోలర్ కోస్టర్‌ని ‘రష్యా కొండలు’ అంటారు. తమాషా ఏమిటంటే రష్యన్లు దాన్నే ‘అమెరికా కొండలు’ అంటారు! వాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. 1884లో న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన కట్టిన కోస్టరే దీన్ని వ్యాపారంగా మార్చింది. టికెట్టు 5 సెంట్లు. వేగం గంటకి 10 కిలోమీటర్లు. అంటే మనూళ్లో సైకిలు తొక్కే కుర్రాడు దాన్ని దాటేసి వెళ్లిపోగలడు. దానికే జనం బారులు తీరారు.

వేగం పెంచడం ఎలాగన్నది పెద్ద చిక్కుముడేం కాదు. ఎంత ఎత్తునుంచి దిగితే అంత వేగం. బండి బరువుతో పనిలేదు, దారి వంకరతో పనిలేదు... ఘర్షణని పక్కనపెడితే అడుగున ఉండే వేగాన్ని నిర్ణయించేది ఎత్తొక్కటే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సీడర్ పాయింట్ అనే పార్కుంది. అక్కడ 2000లో ‘మిలీనియం ఫోర్స్’ అనే కోస్టర్ మొదలైంది. దాని మొదటి దిగుడు 91 మీటర్లు. కాగితంమీద లెక్కేస్తే అడుగున గంటకి 152 కిలోమీటర్లు రావాలి. వాస్తవంలో వచ్చేది 150. గాలీ చక్రాల రాపిడీ కలిసి మింగేది ఆ కాస్తే!

కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఉక్కు ఖర్చు కొండెక్కుతుంది. కాబట్టి ఎత్తొక్కటే నమ్ముకుంటే లాభంలేదు. ఉన్న ఎత్తుతోనే ఎక్కువ కేకలు పెట్టించాలి. అక్కడే కలన గణితం రంగంలోకి దిగుతుంది.

గుండ్రంగా ఉంటే మెడ విరుగుద్ది!

కోస్టర్‌లో తలకిందులయ్యే వలయాన్ని తలుచుకోగానే మనకి తట్టేది గుండ్రటి చక్రమే. 1895లో కోనీ ఐలాండ్‌లో ‘ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే’ని కట్టినవాళ్లకీ అదే తట్టింది. నిజంగానే చక్రంలా గుండ్రటి వలయం కట్టేశారు. ఎక్కినవాళ్లు మెడలు పట్టుకుని దిగారు. డబ్బిచ్చి ఎక్కేవాళ్లకన్నా డబ్బిచ్చి చూసేవాళ్లే ఎక్కువైపోయారని చెబుతారు.

తప్పెక్కడ జరిగింది? మామూలుగా నిలబడ్డప్పుడు మనమీద ఉండే భారాన్ని ఇంజినీర్లు 1 జీ అంటారు. 2 జీ అంటే మన బరువు రెట్టింపైనట్టు అనిపించడం. 0 జీ అంటే బరువే లేనట్టుండటం. వలయం పైభాగంలో రైలు పట్టాని వదలకుండా ఉండాలంటే కనీస వేగమొకటి ఉండాలి. ఆ వేగంతో పైకి చేరాలంటే అడుగున అంతకన్నా చాలా వేగంగా లోపలికి రావాలి. రాపిడి లేదనుకుని లెక్కకడితే తేలేదిదీ: గుండ్రటి వలయంలో పైన 0 జీ ఉంటే అడుగున 6 జీ ఉండితీరుతుంది. వలయాన్ని చిన్నగా కట్టినా అంతే, పెద్దగా కట్టినా అంతే. అరవై కిలోల మనిషికి 360 కిలోల బరువు మీదపడ్డట్టు! ఫ్లిప్ ఫ్లాప్‌లో అది 12 జీ దాకా వెళ్లేదని అంటారు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. నేరుగా వస్తున్న పట్టా వృత్తంలోకి ప్రవేశించే చోటుని చూడండి. కంటికి ఏ లోపమూ కనిపించదు. పట్టా తెగలేదు. వాలు కూడా చక్కగా కలిసిపోయింది. అయినా అక్కడ ఒక ‘గోడ’ ఉంది. ఆ బిందువుకి ముందు భారం 1 జీ. దాటగానే 6 జీ. మధ్యలో ఏమీ లేదు. గణితం భాషలో చెప్పాలంటే- మొదటి అవకలనం కలిసింది, రెండోది తెగిపోయింది. ఎత్తు మారే రేటు వాలు. ఆ వాలు మారే రేటే ఒంపు. కంటికి కనిపించేది మొదటిది, మెడకి తగిలేది రెండోది!

దీనికి సరైన విరుగుడు దొరకడానికి ఎనభై ఏళ్లు పట్టింది. జర్మనీకి చెందిన వెర్నర్ స్టెంగెల్ అనే ఇంజినీరు లెక్కలు కట్టగా, ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ తయారుచేసిన ‘రివల్యూషన్’ 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో మొదలైంది. దాని వలయం చక్రంలా ఉండదు, తలకిందులుగా పట్టుకున్న నీటిబొట్టులా ఉంటుంది... కాదు కాదు, బొట్టు మొన కిందికీ పొట్ట పైకీ ఉన్నట్టు. కింద వేగం ఎక్కువ కాబట్టి ఒంపు విశాలంగా, పైన వేగం తక్కువ కాబట్టి ఒంపు బిగువుగా. భారం అంటే వేగం వర్గాన్ని ఒంపు వ్యాసార్ధంతో భాగించడమే కదా! వేగం ఎక్కువున్న చోట వ్యాసార్ధాన్నీ పెంచేస్తే సరి.

ఆ గీతకి క్లోథాయిడ్ అని పేరు. సాగే బద్దలు ఎలా వంగుతాయో చూస్తూ 1744లోనే ఆయిలర్ దాన్ని వర్ణించాడు. దాని గుణం చాలా సింపుల్: ఎంత దూరం నడిస్తే అంత ఒంపు. రెట్టింపు దూరం పోతే రెట్టింపు ఒంపు. సున్నా నుంచి మొదలై మెత్తగా బిగుసుకుంటుంది. దీన్ని చూడాలంటే కాలిఫోర్నియా దాకా వెళ్లక్కర్లేదు. తిరుమల ఘాట్‌రోడ్డులో మలుపు రాగానే డ్రైవరు స్టీరింగ్‌ని ఒక్కసారిగా విరిచెయ్యడు. వేగం మార్చకుండా నిదానంగా, ఒకే తీరున తిప్పుతూపోతాడు. అప్పుడు బస్సు రోడ్డుమీద గీసే గీత క్లోథాయిడే! ఆయనకా పేరు తెలియకపోవచ్చుగానీ వెనక సీట్లో నిద్రపోతున్న పసిపాపకి మెలకువ రాకపోవడమే రుజువు. మన రైల్వేవాళ్లు కూడా నేరుగా ఉన్న లైనుని వంపులో కలిపేచోట ఇలాంటి సర్దుబాటు గీతనే వేస్తారు. వాళ్లు వాడేది క్లోథాయిడ్‌కి దగ్గరి చుట్టమైన ఘన పరావలయం.

పట్టా కాదు... గుండె ముఖ్యం

స్టెంగెల్ పేరు చెప్పుకున్నాక ఆయన ఇంకో ఆలోచన గురించీ చెప్పుకోవాలి. బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు పట్టాని ఇరుసుగా చేసి తిప్పితే, పట్టాకి మీటరు ఎత్తులో ఉన్న మన తల విసిరికొట్టినట్టు ఊగుతుంది. అందుకని ఆయన లెక్కని తలకిందులు చేశాడు. ముందు ప్రయాణికుడి గుండె ప్రయాణించాల్సిన దారిని గీశాడు. పట్టా ఆ దారి చుట్టూ మెలికలు తిరిగేలా చేశాడు. అంటే మనిషి దాదాపు స్థిరంగా ఉంటాడు, ఇనుమే ఒళ్లు విరుచుకుంటుంది. ఇప్పుడు పెద్ద కోస్టర్లన్నీ దాదాపు ఈ పద్ధతిలోనే గీస్తున్నారు.

స్థానం మారే రేటు వేగం. వేగం మారే రేటు త్వరణం. మరి త్వరణం మారే రేటు? దానికి మన తెలుగులో చక్కటి మాటుంది... కుదుపు! మూడో అవకలనమన్నమాట. 4 జీ మెల్లగా వచ్చి మెల్లగా పోతే ‘అబ్బ, భలే ఉంది’ అంటాం. అదే 4 జీ ఠక్కున మీదపడితే నడుం పట్టేస్తుంది. భారం ఎంత అన్నదొక్కటే కాదు, ఎంతసేపు ఉందన్నదీ ముఖ్యమే. ఎక్కువ జీలు కొన్ని సెకన్లపాటు కొనసాగితే తలలోని రక్తం కాళ్లకి దిగి కళ్లు బైర్లుకమ్ముతాయి. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం నిబంధనల్లో ‘గరిష్ఠం ఇన్ని జీలు’ అని ఒక్క అంకె ఉండదు, గ్రాఫులుంటాయి. భారం ఉండే సమయం పెరిగేకొద్దీ అనుమతి తగ్గిపోతుంటుంది.

తేలిపోయే గీత

కోస్టర్ ప్రియుల్ని అడిగితే వలయాలకన్నా ‘ఎయిర్‌టైమ్’కే ఓటేస్తారు. సీటునుంచి మనిషి పైకి లేచిపోయి, కడుపులో ఏదో జారిపోయినట్టనిపించే ఆ కొన్ని క్షణాలన్నమాట. దాని కిటుకు చిన్నప్పుడు మనం విసిరిన రాయిలోనే ఉంది. విసిరిన రాయి పరావలయంలో ప్రయాణిస్తుంది. కొండ శిఖరాన్ని సరిగ్గా అదే పరావలయంలా గీస్తే? బండీ, అందులోని మనిషీ విసిరిన రాళ్లలా కలిసి పడిపోతుంటారు. ఒకరి బరువు ఒకరిమీద పడదు. అదే 0 జీ.

అంకెల్లో చూద్దాం. శిఖరం మీద బండి వేగం సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు అనుకోండి. అప్పుడు శిఖరం నుంచి 10 మీటర్లు ముందుకెళ్లేసరికి పట్టా సుమారు 1.2 మీటర్లు దిగాలి. 20 మీటర్లు వెళ్లేసరికి 4.9 మీటర్లు. అంతకన్నా మెల్లగా దిగితే సీటు మనల్ని మోస్తూనే ఉంటుంది. అంతకన్నా వేగంగా దిగితే పట్టా మన కిందినుంచి తప్పుకుంటుంది, బండి గాల్లోకి లేవబోతుంది. కోస్టర్‌కి ఆ భయం లేదు. పట్టాకి అడుగునుంచి పట్టుకునే చక్రాలుంటాయి. జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో వాటికి పేటెంటు పొందాడు. ఆ చక్రాలే లేకపోతే ఇంత ధైర్యంగా కొండలు గీసేవాళ్లే కాదు.

లెక్క తప్పితే...

ఆ చక్రాలు లేనిచోట ఏం జరుగుతుందో అమెరికాలోని కాన్సస్ సిటీ చూసింది. 2014 జులైలో అక్కడి వాటర్‌పార్కులో ‘వెర్రుక్ట్’ అనే నీటి జారుడుబల్ల తెరిచారు. జర్మన్ భాషలో ఆ మాటకి పిచ్చి అని అర్థం. వినడానికి మన ‘వెర్రి’లాగే లేదూ? ఎత్తు 51 మీటర్లు. ప్రపంచంలోనే ఎత్తయినదిగా గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. ముగ్గురు కూర్చునే రబ్బరు తెప్ప పై నుంచి దాదాపు నిట్టనిలువుగా జారి, ఆ ఊపులో రెండో గుట్ట ఎక్కి దిగాలి. తెరవక ముందే పరీక్షల్లో ఇసుక బస్తాలు వేసిన తెప్పలు ఆ గుట్టమీద గాల్లోకి ఎగిరిపోయాయి. కొంత భాగం కూల్చి మళ్లీ కట్టారు. పైన ఇనుప కమ్మీలు వంచి వల బిగించారు.

తెప్పకి అడుగున పట్టుకునే చక్రాలుండవు. వేగం చూస్తే ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఎక్కేవాళ్ల బరువునిబట్టి, నీటినిబట్టి మారిపోతుంది. పై లెక్కలో గుట్టని గంటకి 72 కిలోమీటర్లకి సరిపోయేలా గీశామనుకుందాం. వేగం 10 శాతం పెరిగితే పైకి విసిరే బలం 10 శాతం కాదు, 21 శాతం పెరుగుతుంది. వేగం వర్గం కదా! 0 జీ కాస్తా మైనస్‌లోకి జారిపోతుంది. 2016 ఆగస్టు 7న పదేళ్ల బాలుడు కూర్చున్న తెప్ప అలాగే ఆ రెండో గుట్టమీద పైకి లేచింది. వలని మోసే ఇనుప కమ్మీకి కొట్టుకుని ఆ పిల్లాడు అక్కడికక్కడే చనిపోయాడు.

సరైన ఇంజినీరింగ్ లెక్కలు లేకుండా ‘కట్టి చూద్దాం, తేడా వస్తే మారుద్దాం’ అన్న పద్ధతిలోనే దాన్ని తయారుచేశారని 2018లో దాఖలైన అభియోగపత్రం ఆరోపించింది. గ్రాండ్ జ్యూరీకి చూపకూడని ఆధారాలు చూపించారంటూ 2019లో న్యాయమూర్తి ఆ కేసు కొట్టేశారు. కాబట్టి అవి రుజువుకాని ఆరోపణలుగానే మిగిలాయి. ఈలోగా 2017లో కాన్సస్ రాష్ట్రం తనిఖీల చట్టాన్ని కట్టుదిట్టం చేసింది. జారుడుబల్లని 2018లో కూల్చేశారు.

ఏది గొప్ప?

ఇక పిల్లలు తరచూ వాదులాడుకునే ప్రశ్న. రెండు కోస్టర్లలో ఏది ఎక్కువ థ్రిల్? అమెరికాలోని కొన్ని కాలేజీల్లో కలన గణితం విద్యార్థులకి దీన్నే ప్రాజెక్టుగా ఇస్తారు. అందులో వాడే కొలత ఇదీ: ఒక్కో దిగుడుకి, ఎంత ఎత్తు దిగిందో చూడాలి. అందులో అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోటి కోణాన్ని రేడియన్లలో తీసుకుని ఆ ఎత్తుతో గుణించాలి. అలా అన్ని దిగుళ్లవీ కూడితే కోస్టర్ మార్కులొస్తాయి.

30 మీటర్ల ఎత్తునుంచి 40 మీటర్ల దూరంలో కిందికి దిగాలనుకోండి. బల్లలా నేరుగా వేస్తే వాలు 37 డిగ్రీలు. మార్కులు 19. అదే చోట, అదే ఎత్తు, అదే దూరం... పైనా కిందా మెత్తగా ఒంపు తిరిగే కొసైన్ అలలా వేస్తే? అవకలనం చేసి, అది గరిష్ఠమయ్యే బిందువు పట్టుకుంటే సరిగ్గా నడిమధ్యన వాలు 50 డిగ్రీలకి చేరుతుంది. మార్కులు 26. ఇనుము కాస్తే ఎక్కువ, కేకలు బోలెడు ఎక్కువ!

ఇదే కొలతతో ఇందాకటి సీడర్ పాయింట్ పార్కులోని రెండు కోస్టర్లని పోల్చి చూశాం. మిలీనియం ఫోర్స్ మొదటి దిగుడు 91 మీటర్లు, 80 డిగ్రీలు. మార్కులు 127. అక్కడే 2018లో మొదలైన ‘స్టీల్ వెంజెన్స్’ది 61 మీటర్లు, 90 డిగ్రీలు. మార్కులు 96. అంటే మొదటిదే గొప్పా? ఆగండి. స్టీల్ వెంజెన్స్ ప్రయాణంలో సీటునుంచి పైకి లేచి ఉండే సమయం మొత్తం 27.2 సెకన్లని పార్కు ప్రకటించింది. అంటే దాదాపు అరనిమిషం! గుట్ట తర్వాత గుట్టగా దొరికే ఆ చిన్నచిన్న క్షణాలన్నిటినీ కూడటం... అది సమాకలనం పని. దిగుడు మార్కుల్లో దాని ఊసే లేదు. నన్నడిగితే, ఒక్క పెద్ద దిగుడుకన్నా ఈ అరనిమిషానికే ఎక్కువ మార్కులెయ్యాలి. మా ఆఫీసులో అందరూ ఒప్పుకోలేదనుకోండి!

‘త్వరగా కిందికి చేర్చేదే గొప్ప’ అనేవాళ్లకీ ఒక లెక్కుంది. అది కలన గణితం పసిబిడ్డగా ఉన్నప్పటిదే. పై బిందువు నుంచి కిందనున్న మరో బిందువుకి అతి తక్కువ సమయంలో జారే దారేదని 1696లో యోహాన్ బెర్నూలీ ఐరోపా పండితులకి సవాలు విసిరాడు. న్యూటన్ రాత్రికి రాత్రి చేసి, పేరు రాయకుండా పంపాడనీ, పనితనం చూసే బెర్నూలీ ఆయన్ని గుర్తుపట్టేశాడనీ కథ. జవాబు సరళరేఖ కాదు, సైక్లాయిడ్. సైకిల్ చక్రం అంచుమీద ఒక చుక్క పెట్టి దొర్లిస్తే ఆ చుక్క గాల్లో గీసే విల్లులాంటి గీత అది. దాన్ని బోర్లిస్తే కావలసిన దారి వస్తుంది. 18 మీటర్ల ఎత్తు, 28 మీటర్ల దూరమైతే నేరుగా జారడానికి 3.5 సెకన్లు పడుతుంది. సైక్లాయిడ్‌మీద దారి పొడవెక్కువైనా 3 సెకన్లే! కోస్టర్లు గీసేవాళ్లకి మాత్రం దీనిమీద పెద్ద మోజు లేదు. డబ్బిచ్చి ఎక్కినవాణ్ని తొందరగా దింపెయ్యడం ఏం వ్యాపారం?

ముందా... వెనకా?

ఇదంతా కళ్లారా చూడాలంటే హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల వెళ్తే చాలు. 2016లో మొదలైన వండర్‌లాలో ‘రీకాయిల్’ అనే కోస్టర్ ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన వెకోమా కంపెనీ ‘బూమరాంగ్’ నమూనా అది. రైలుని వెనక్కి లాగి ఎత్తుకి తీసుకెళ్లి వదిలేస్తారు. మూడుసార్లు తలకిందులై అటువైపు ఎత్తుకి చేరుతుంది. అక్కణ్నుంచి మళ్లీ అదే దారిలో, ఈసారి వెనక్కి! మొత్తం ఆరుసార్లు తలకిందులు. ఎక్కే ధైర్యం లేనివాళ్లు కింద నిలబడి ఆ నిలువు వలయాన్ని తీరిగ్గా గమనించండి. పైన బిగువుగా, కింద విశాలంగా ఉంటుంది.

మామూలు కోస్టర్లలో ఏ సీటు మంచిదన్నదానికీ జవాబుంది. రైలంతా ఒకే వేగంతో కదులుతుంది. కానీ ఆ వేగంలో ఎవరెక్కడుంటారన్నదే తేడా. ముందు పెట్టె శిఖరం దాటేటప్పుడు రైలు సగం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, నడక మెల్లగా ఉంటుంది. చివరి పెట్టె శిఖరం చేరేసరికి ముందున్నవన్నీ కిందికి దూసుకుపోతూ దాన్ని లాగేస్తుంటాయి. అదే ఒంపుమీద ఎక్కువ వేగం! అందుకే శిఖరం దాటేటప్పుడు సీటునుంచి ఎగిరిపడేది వెనకవాళ్లే. లోయ కళ్లముందు తెరుచుకోవడం చూడాలంటే ముందు సీటు, కడుపులో సీతాకోకలు కావాలంటే చివరి సీటు. రీకాయిల్‌లో ఆ తంటా లేదు. పోయేటప్పుడు వెనకున్నవాళ్లే వచ్చేటప్పుడు ముందుంటారు!